కేరాఫ్ కూచిపూడి

పూర్వం ఉత్తరం చేరడానికి ఇంటి నెంబరుతో పని ఉండేది కాదు. ఇంటిపేరూ, ఊరిపేరూ, కింద 'కృష్ణా జిల్లా' అని రాస్తే చాలు, పోస్టుమాను సైకిలు తిన్నగా మన అరుగు ముందుకొచ్చి ఆగేది. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ వచ్చాక ఆరంకెలు రాయడం అలవాటైంది గానీ, ఆ అంకెలు లేని ఉత్తరాన్ని కూడా పల్లెటూళ్లో ఎవరూ వెనక్కి పంపలేదు.

కూచిపూడిలో అయితే మరీను. అక్కడ ఇంటిపేరే చిరునామా. గోల్కొండ నవాబు తానీషా, అదే, మన రామదాసుగారిని చెరసాలలో పెట్టించిన తానీషాయే, పదిహేడో శతాబ్దంలో ఈ ఊరిని భాగవతులకి అగ్రహారంగా ఇచ్చాడని చెప్పుకుంటారు. ఆ తర్వాత 1763లో ఒక పంపకాల పత్రం పుట్టింది. అగ్రహారంలో ఏయే ఇంటిపేర్లవాళ్లకి హక్కో అందులో రాసుకున్నారు. వేదాంతంవారు, వెంపటివారు, పసుమర్తివారు, భాగవతులవారు... కాగితం మీద పేరున్నవాళ్లకి గుమ్మం ఉంది. లేనివాళ్లకి లేదు.

చిరునామా అనేది చెట్టుకి కాసేది కాదు. ఎవరో ఒకరు కూర్చుని పంచేది. ముందు వచ్చినవాళ్లకి పెద్ద వాటా, తర్వాత వచ్చినవాళ్లకి మిగిలింది.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? ఆ ఊళ్లోనే ఉన్న మా మేనత్తగారింట్లో ఈమధ్య ఒక తలుపు ఎంత తోసినా తెరుచుకోలేదు. ఎందుకు తెరుచుకోవడం లేదో వెతుక్కుంటూ పోతే లెక్క 1977లో తేలింది.

1977 అంటే కృష్ణా జిల్లావాళ్లకి గుర్తొచ్చేది ఒక్కటే, నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన. వేలమంది పోయారు. ఆ తర్వాత చాలాకాలం మా అత్తయ్య మామగారు ముభావంగా ఉండేవారుట. ఆయన నట్టువాంగం చేసేవారు. "మనిషి ఎప్పుడుంటాడో ఎప్పుడు పోతాడో, ఈ జతులన్నీ ఎక్కడన్నా దాచండర్రా" అన్నారుట ఒకరోజు. అలా ఆ ఇంట్లోకి టేప్‌రికార్డరు వచ్చింది. కొత్తకోడలైన అత్తయ్య దాన్ని తిప్పడం నేర్చుకుంది.

నేర్చుకోవడం అంటే ఎలాగనుకున్నారు? సాధన జరిగేది వసారాలో. ఈవిడ ఉండేది తలుపు వెనక. వేదాంతం సత్యనారాయణ శర్మగారు సత్యభామ వేషం కడితే ఆడవాళ్లే నివ్వెరపోయి చూసేవారని మనందరికీ తెలుసు. ఆ ఊరి మేళాల్లో స్త్రీ వేషాలన్నీ మగవాళ్లవే. నిజం భామలు మాత్రం తలుపు చాటునే. అత్తయ్య టేప్‌రికార్డరుని గడప మీద పెట్టి, తను గడపకి ఇవతల కూర్చుని, పదేళ్లపాటు పట్టిన క్యాసెట్లు నూట నలభై. కాలక్రమాన మా తమ్ముడు వాటన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించి, అరచెయ్యంత పెట్టెలో పెట్టి ఇచ్చాడు.

డల్లాస్‌లో ఉన్న మనవరాలు నాట్యం నేర్చుకుంటోంది. "మామ్మా, ముత్తాతగారి టేపులు ఇంటర్నెట్‌లో ఎక్కడన్నా పెట్టేయొచ్చుగా, నేను వింటాను" అంది. అత్తయ్య ససేమిరా అంది. "మామగారి గొంతు ఎవరింట్లోనో పెట్టడమేమిటే? పెట్టె మనింట్లోనే ఉంటుంది. వినేవాళ్లు మన గుమ్మంలోకి వచ్చి వినాలి."

మాట న్యాయంగానే ఉంది. అయితే డల్లాస్ నించి కూచిపూడిలో గుమ్మంలోకి రావడానికి ఒక పద్ధతి ఉందిట. దాన్ని పోర్ట్ ఫార్వర్డింగ్ అంటారని ఇంజనీరింగు చదువుతున్న మా అబ్బాయి చెప్పాడు. బి.ఏ.లో చరిత్ర చదువుకున్న నాకు అది తలకెక్కడానికి కాస్త టైము పట్టింది. నాకు అర్థమైన భాషలో మీకూ చెప్తాను.

లేడీస్ హాస్టలు ఒకటి ఊహించుకోండి. బయట బోర్డుకి ఒకటే అడ్రసు. లోపల పాతికమంది అమ్మాయిలు. గేటు దగ్గర వార్డెనమ్మ. లోపలి అమ్మాయి ఉత్తరం రాస్తే వార్డెనమ్మ తన పుస్తకంలో పేరు రాసుకుని పోస్టు చేయిస్తుంది. జవాబు రాగానే పుస్తకం చూసి ఆ అమ్మాయికే ఇస్తుంది. కానీ ఎవరూ రాయకుండా, బయటినించి దానంతటదే ఒక ఉత్తరం వచ్చిందనుకోండి. ఎవరికివ్వాలో పుస్తకంలో లేదు. చెత్తబుట్టే గతి. మనింట్లో దీపాలు మిణుక్కుమంటూ ఉండే రౌటరు చేసేది సరిగ్గా ఈ వార్డెనుగిరీయే. అందుకని ముందుగానే ఆవిడకి చెప్పి ఉంచాలి: "ఫలానా నెంబరు వేసి వచ్చిన ఉత్తరాలన్నీ ఫలానా గదికి ఇవ్వండి" అని. ఆ నెంబరే పోర్టు. ఒక్కో అడ్రసుకి అరవై అయిదు వేల పైచిలుకు పోర్టులుంటాయిట. అలా చెప్పి ఉంచడమే పోర్ట్ ఫార్వర్డింగ్.

మా వాడు చెప్పి ఉంచాడు. తలుపు తెరుచుకోలేదు.

ఇక పరీక్షలు మొదలయ్యాయి. ఇవి మీకూ ఎప్పుడన్నా పనికొస్తాయి గనక వరసగా చెప్తాను. ముందు పెట్టె గది మారిందేమో చూశాడు. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటరు ఇంట్లోని వస్తువులకి నెంబర్లు మళ్లీ పంచుతుంది. నిన్నటి నెంబరు ఇవాళ టీవీకి ఇచ్చేసి ఉండొచ్చు. కాబట్టి పెట్టెకి ఒకే నెంబరు స్థిరంగా రాసిపెట్టాడు. తర్వాత పెట్టెకి సొంత కాపలా ఏదైనా ఉండి వచ్చినవాళ్లని తోసేస్తోందేమో చూశాడు. లేదు. తర్వాత రౌటర్లు లెక్కపెట్టాడు. కంపెనీవాళ్లు బిగించింది ఒకటి, దాని వెనక మనం కొనుక్కున్నది ఇంకొకటి ఉంటే వార్డెన్లు ఇద్దరన్న మాట. ఒకావిడకి చెప్పి రెండో ఆవిడకి చెప్పకపోతే పని జరగదు. అత్తయ్యింట్లో ఉన్నది ఒకటే. ఆఖరికి వైఫై ఆపేసి, సెల్‌ఫోను డేటాతో ప్రయత్నించాడు. ఇంట్లో కూర్చుని ఇంటి వైఫైతోనే మన వీధి తలుపు తడితే చాలా రౌటర్లు పలకవుట. బయటివాళ్లలా వెళ్లి తడితేనే నిజం తెలుస్తుంది. అలా తట్టినా పలకలేదు.

అప్పుడు మా వాడు రెండు అంకెలు పక్కపక్కన రాశాడు. రౌటరు తన వీధి అడ్రసు ఇదీ అని చూపిస్తున్నది ఒకటి. బయట ప్రపంచానికి మన ఇల్లు కనిపిస్తున్న అడ్రసు ఇంకొకటి. రెండూ ఒకటి కావాలి. కాలేదు. రౌటరు చూపించేది 100.72తో మొదలైంది. "అమ్మా, అమ్మమ్మావాళ్లింటికి అసలు అడ్రసే లేదు" అన్నాడు వాడు.

అత్తయ్య నవ్వింది. "మూడొందల ఏళ్ల అగ్రహారంరా ఇది!"

కానీ వాడన్నది నిజం. ఇక్కడే చరిత్ర వస్తుంది. దివిసీమ ఉప్పెన వచ్చిన ఆ 1977లోనే, అమెరికాలో వింట్ సెర్ఫ్ అనే ఆయన కంప్యూటర్లు మాట్లాడుకోవడానికి అడ్రసు ఎంత పొడుగుండాలో నిర్ణయించాడు. అది ప్రయోగం అనుకున్నారు. 32 బిట్లు చాలన్నారు. లెక్క కడితే 429 కోట్ల 49 లక్షల పైచిలుకు అడ్రసులు. భూమ్మీద మనుషులే అప్పటికి నాలుగు వందల కోట్లు దాటారు. అయినా మామూలు ఇళ్లల్లో కంప్యూటర్లు అరుదుగా ఉన్న రోజులు. ఎవరు తప్పుపడతారు? 1981లో ఆ పద్ధతి ఖాయమైంది. పంపకం ధారాళంగా జరిగింది. అమెరికాలో ఎం.ఐ.టి. అనే ఒక్క విద్యాసంస్థకే కోటీ అరవై ఏడు లక్షల అడ్రసులు వెళ్లాయి.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా, అదీ మహానగరాల్లో. అప్పటికే కరువు కనిపిస్తోంది. 1994లో ఎగెవాంగ్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు ఈ వార్డెనమ్మ పద్ధతిని రాసిపెట్టారు. ఒక అడ్రసు వెనక పదిమందిని దాచడం అన్న మాట. తాత్కాలికంగా గట్టెక్కడానికని వాళ్లే రాశారు. తాత్కాలికం అని వేసిన పాకలు మన ఊళ్లల్లో ఎన్నేళ్లు ఉంటాయో మీకు చెప్పాలా?

2011 ఫిబ్రవరి 3న ప్రపంచ ఖజానాలో అడ్రసులు అయిపోయాయి. ఏప్రిల్ 15 నాటికి ఆసియా వాటా కూడా అడుగంటింది. అందరికంటే ముందు ఖాళీ అయింది మన ఖండమే. ఆ తర్వాత కొత్తగా వచ్చిన ఏ కంపెనీకైనా కొద్దికొద్దిగానే ఇచ్చారు. సరిగ్గా ఆ తర్వాతే మన పల్లెలకి ఇంటర్నెట్ వచ్చింది. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో ప్రభుత్వ ఫైబరు మొదలై, కరెంటు స్తంభాల మీదుగా ఊరూరికీ పాకింది. ప్రైవేటు కంపెనీలూ వచ్చాయి. పంక్తిలో ఆఖర్న కూర్చున్నవాళ్లకి విస్తరి వేశారు గానీ కూరలు అయిపోయాయి.

మరి కంపెనీలు ఏం చేశాయి? వీధి మొత్తానికి ఇంకో పెద్ద వార్డెనుని పెట్టాయి. వందల ఇళ్లకి కలిపి ఒక అడ్రసు. ఆ ఏర్పాటు కోసమే 2012లో 100.64 నించి 100.127 దాకా అంకెలు విడిగా కేటాయించారు. వాటిల్లో ఒకటి మీ రౌటరులో కనిపించిందంటే, మీరు మీ వార్డెనమ్మకి ఎంత చెప్పినా లాభం లేదు. పైనున్న పెద్ద వార్డెను మీ మాట వినడు. ఎంతమంది ఆడవాళ్లు తమ రౌటరుతో కుస్తీ పట్టి, తమకే చేతకాలేదనుకుని వదిలేసి ఉంటారో కదా!

కనెక్షనిచ్చిన ప్రైవేటు కంపెనీకి ఫోను చేశాం. పేరు అనవసరం. మూడు ఫోన్ల దాకా "రౌటరు ఆపి మళ్లీ వెయ్యండి" అన్నారు. నాలుగో ఫోనులో "మాకు సొంత పబ్లిక్ అడ్రసు కావాలి" అని సూటిగా అడిగితే, నెలకి కొంత అదనం కట్టమన్నారు. అత్తయ్య పెన్షనులోంచి కట్టింది. మర్నాడు రెండు అంకెలూ ఒకటయ్యాయి. మా వాడు ఒకే ఒక్క గుమ్మం తెరిచి, దానికి వీపీఎన్ అనే తాళం వేసి, తాళంచెవి మనవరాలికి పంపాడు.

ఆ పిల్ల రాత్రంతా విని, పొద్దున్నే వీడియోలో కనిపించింది. "మామ్మా, ముత్తాతగారి జతుల మధ్యలో గాజుల చప్పుడు వినిపిస్తోంది. ఎవరు నాట్యం చేస్తున్నారు?"

అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. "నాట్యం కాదే. క్యాసెట్టు అయిపోవస్తోందేమోనని నేను వంగి చూసుకునేదాన్ని" అంది.

ఆ ఊరి నాట్యచరిత్ర రాసినవాళ్లు ఎవరైనా ఆ గాజుల్ని లెక్కలోకి తీసుకున్నారో లేదో గానీ, డల్లాస్‌లో ఒక అమ్మాయి తీసుకుంది.

గుమ్మం తెరుచుకుంది కదా అని అన్నీ బార్లా తీసి పెట్టుకోమని నేననను. 2016లో మిరాయ్ అనే దొంగ ప్రోగ్రాము కంపెనీ పాస్‌వర్డ్ మార్చని కెమెరాల్లోకీ రౌటర్లలోకీ జొరబడింది. ఆ ఏడు అక్టోబరు 21న వాటన్నిటినీ ఒక్కసారి ఉసిగొల్పితే అమెరికాలో పేరున్న వెబ్‌సైట్లు గంటల తరబడి మూతబడ్డాయి. ఇంట్లోని వస్తువులే మనల్ని అడక్కుండా రౌటరుతో మాట్లాడి గుమ్మాలు తెరిపించుకునే సదుపాయం ఒకటుంది, యూపీఎన్‌పీ అంటారు. అవసరం లేకపోతే అది ఆపేయండి. కెమెరా కొంటే ముందు పాస్‌వర్డ్ మార్చండి. మన వంటింటిని ఎవరు చూడాలో మనం చెప్పాలి గానీ కెమెరా కాదు.

ఇప్పుడు కొత్త అడ్రసులు వచ్చాయి. ఐపీవీ6 అంటారు. 1998లోనే రాసిన ఆ పద్ధతిలో మొత్తం అడ్రసుల సంఖ్య రాస్తే 39 అంకెలవుతుంది. ఆలస్యంగా పంక్తిలో కూర్చున్న మన దేశమే దాన్ని వాడడంలో ముందువరసలో ఉంది. పాత ఆస్తి లేనివాడికి కొత్త ఇంట్లోకి మారడం తేలిక మరి. అది అన్ని చోట్లా సరిగ్గా అమరిన రోజున ఒక్కో ఇంటికే కాదు, ఇంట్లో ఒక్కో పెట్టెకీ సొంత చిరునామా ఉంటుంది, కేరాఫ్ అక్కర్లేకుండా. అప్పుడు కూడా గుమ్మానికి తలుపు ఉండాల్సిందే. గడియ మాత్రం మన చేతిలో, లోపలి వైపు ఉండాలి.