మేజర్ పద్మపాణి ఆచార్య, మహావీర చక్ర: జీవితం, కుటుంబం

1999లో జరిగిన కార్గిల్ యుద్ధంలో భారత సైన్యం 527 మంది వీరులను కోల్పోయింది. వారిలో హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య ఒకరు. రాజపుతానా రైఫిల్స్ రెండవ బెటాలియన్‌లో కంపెనీ కమాండర్‌గా ఉన్న ఆయన 1999 జూన్ 28న ద్రాస్ సెక్టార్‌లో వీరమరణం పొందారు. అప్పటికి ఆయన వయస్సు 31 సంవత్సరాల ఏడు రోజులు. భారత ప్రభుత్వం ఆయనకు మరణానంతరం మహావీర చక్ర ప్రకటించింది. యుద్ధకాల శౌర్య పురస్కారాలలో పరమవీర చక్ర తరువాతి స్థానం దీనిదే.

ఆయన పోరాట చరిత్ర సైనిక పత్రాలలో నమోదై ఉంది. ఆ వీరమరణం తరువాత ఆయన కుటుంబం సాగించిన జీవితం కూడా అంతే గుర్తుంచుకోదగినది. యుద్ధభూమి నుంచి ఆయన తండ్రికి రాసిన ఒక లేఖ ఈ రెండింటినీ కలుపుతుంది.

కుటుంబ నేపథ్యం

పద్మపాణి ఆచార్య 1968 జూన్ 21న హైదరాబాద్‌లో జన్మించారు. వారి పూర్వీకులది ఒడిశా. తండ్రి జగన్నాథ్ ఆచార్య భారత వైమానిక దళంలో వింగ్ కమాండర్ హోదాలో పనిచేశారు. తల్లి విమల. యూనిఫారం, బదిలీలు, క్రమశిక్షణ ఆ ఇంటికి కొత్తవి కావు. ఆచార్య మద్రాసులోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీలో శిక్షణ పొంది, పదాతి దళంలో చేరారు. ఇంట్లో ఆయన ముద్దుపేరు బబ్లూ. యుద్ధం ప్రారంభమయ్యే నాటికి ఆయన సతీమణి చారులత గర్భవతి.

ద్రాస్ సెక్టార్‌లో పోరాటం

శ్రీనగర్, లేహ్ పట్టణాలను కలిపే జాతీయ రహదారి ద్రాస్ మీదుగా సాగుతుంది. ఎదురుగా ఉన్న తోలోలింగ్ శిఖరాన్ని ఆక్రమించిన శత్రువులకు రహదారిపై రాకపోకలన్నీ కనిపించేవి. సరఫరా వాహనాలు ఫిరంగి గుండ్లకు గురయ్యేవి. అందువలన తోలోలింగ్ స్వాధీనం తొలి లక్ష్యమైంది. రాజపుతానా రైఫిల్స్ రెండవ బెటాలియన్ జూన్ 13 నాటికి ఆ శిఖరాన్ని గెలుచుకుంది. ఆ పోరులో మేజర్ వివేక్ గుప్తా అసువులు బాశారు.

రెండు వారాలైనా గడవక ముందే అదే బెటాలియన్‌కు మరో కఠినమైన లక్ష్యాన్ని అప్పగించారు. నోల్, లోన్ హిల్, త్రీ పింపుల్స్ అని సైనికులు పేర్లు పెట్టుకున్న కొండ శిఖరాల సముదాయం అది. జూన్ 28 రాత్రి లోన్ హిల్‌ను స్వాధీనం చేసుకునే బాధ్యత మేజర్ ఆచార్య కంపెనీది. శత్రు స్థావరం చుట్టూ మందుపాతరలు ఉన్నాయి. వచ్చే దారి పొడవునా మెషిన్ గన్లు, ఫిరంగులు గురిపెట్టి ఉన్నాయి. ఈ స్థావరం ఎంత త్వరగా చేజిక్కితే మిగిలిన దాడి అంత సులభమవుతుంది.

దాడి మొదలైన కొద్దిసేపటికే ముందు నడుస్తున్న ప్లాటూన్‌పై ఫిరంగి గుండ్లు పడ్డాయి. పలువురు సైనికులు నేలకొరిగారు. మేజర్ ఆచార్య వెనుక ఉంచిన రిజర్వు ప్లాటూన్‌ను తానే వెంట తీసుకుని గుండ్ల వర్షంలోనే ముందుకు కదిలారు. నిటారుగా ఉన్న రాతి వాలుపై జవాన్లను ఉత్సాహపరుస్తూ నడిపించారు. తూటాలు తగులుతున్నా పాకుతూ బంకరు వద్దకు చేరి గ్రెనేడ్లు విసిరారు. తీవ్రంగా గాయపడి కదలలేని స్థితిలో, తనను అక్కడే వదిలి శత్రువుపైకి వెళ్లవలసిందిగా జవాన్లను ఆదేశించి, తాను కాల్పులు కొనసాగించారు. స్థావరం స్వాధీనమైన తరువాతే ఆయన ప్రాణాలు విడిచారు.

ఆ పోరాటంలోనే అదే బెటాలియన్‌కు చెందిన మరో ఇద్దరు అధికారులు కూడా అమరులయ్యారు. నాగాలాండ్‌కు చెందిన కెప్టెన్ నెయికెఝాకువో కెంగురుసేకు మహావీర చక్ర, కెప్టెన్ విజయంత్ థాపర్‌కు వీర చక్ర లభించాయి.

తండ్రికి రాసిన లేఖ

జూన్ 19న, అంటే తన పుట్టినరోజుకు రెండు రోజుల ముందు, మేజర్ ఆచార్య తండ్రికి ఒక లేఖ రాశారు. ప్రాణనష్టం గురించి ఆందోళన చెందవద్దనీ, ఈ వృత్తిలో అది తమ చేతిలో లేని విషయమనీ, మంచి కార్యం కోసమే అది జరుగుతున్నదనీ అందులో పేర్కొన్నారు. యుద్ధంలో పాల్గొనడం జీవితకాలంలో ఒకసారి దక్కే గౌరవమని తల్లికి చెప్పమన్నారు.

అదే లేఖలో కుటుంబానికి ఒక పని కూడా అప్పగించారు. చారులతకు రోజుకొక కథ చొప్పున మహాభారతం వినిపించాలనీ, పుట్టబోయే బిడ్డకు మంచి విలువలు అలా అబ్బుతాయనీ కోరారు. తల్లి గర్భంలో ఉండగానే అభిమన్యుడు పద్మవ్యూహ ప్రవేశాన్ని విన్నాడన్న కథ తెలిసిన వారికి ఆ కోరికలోని అర్థం వేరుగా చెప్పనవసరం లేదు. ఈ లేఖ రాసిన తొమ్మిదవ రోజున ఆయన అమరులయ్యారు.

ఆ తరువాత చారులత ఆడపిల్లకు జన్మనిచ్చారు. ఆ బిడ్డకు అపరాజిత అని పేరు పెట్టారు. ఓటమి ఎరుగనిది అని దాని అర్థం. తండ్రిని చూడని ఆ బిడ్డ ఆయన లేఖల ద్వారా, ఇంట్లోని వారు చెప్పిన జ్ఞాపకాల ద్వారా తండ్రిని తెలుసుకుంది. పెద్దయ్యాక ఆయన జీవితంపై ఒక పుస్తకం కూడా వెలువరించింది.

2003లో జె.పి.దత్తా దర్శకత్వంలో వచ్చిన ఎల్‌ఓసీ కార్గిల్ హిందీ చిత్రంలో మేజర్ ఆచార్య పాత్రను తెలుగు నటుడు అక్కినేని నాగార్జున పోషించారు.

అమరుల కుటుంబాలకు ప్రభుత్వ సహాయం

యుద్ధంలో మరణించిన సైనికుని భార్యకు సాధారణ కుటుంబ పింఛను కాకుండా సరళీకృత కుటుంబ పింఛను లభిస్తుంది. ఇది సైనికుడు చివరగా పొందిన వేతన ప్రాతిపదిక మొత్తానికి సమానం. శత్రువుతో యుద్ధంలో మరణించిన వారి కుటుంబాలకు కేంద్రం చెల్లించే ఎక్స్‌గ్రేషియా 1999 మే 1 నుంచి 10 లక్షల రూపాయలు. ఏడవ వేతన సంఘం సిఫారసుల మేరకు 2016 నుంచి అది 45 లక్షల రూపాయలైంది. కార్గిల్ అమరుల కుటుంబాలకు పెట్రోలు బంకులు, వంటగ్యాస్ ఏజెన్సీలు కేటాయించే ప్రత్యేక పథకం కూడా అమలైంది.

పిల్లల చదువుకు ఇచ్చే రాయితీ 1971 యుద్ధం తరువాత ప్రారంభమైంది. 2017లో ఈ రాయితీకి నెలకు 10 వేల రూపాయల గరిష్ఠ పరిమితి విధించడంతో కుటుంబాల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఆ పరిమితిని తొలగించింది. తండ్రి మరణించే నాటికి ఇంకా పుట్టని బిడ్డ చదువు పూర్తి కావడానికి రెండు దశాబ్దాలకు పైగా పడుతుంది. అంతకాలం సహాయం ఆగకుండా అందాలి. ఈ బాధ్యతను కేంద్రీయ సైనిక్ బోర్డు, రాష్ట్రాలలోని సైనిక సంక్షేమ శాఖలు, జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాలు పంచుకుంటాయి. ఏటా డిసెంబరు 7న జరిగే సాయుధ దళాల పతాక దినోత్సవ విరాళాలు ఇందుకు తోడ్పడతాయి.

రెండు దశాబ్దాల తరువాత

2020 జూన్ 15న గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో 20 మంది భారత సైనికులు అమరులయ్యారు. వారిలో సూర్యాపేటకు చెందిన కర్నల్ బిక్కుమళ్ల సంతోష్ బాబు, 16 బిహార్ రెజిమెంట్ కమాండింగ్ అధికారి. కోరుకొండ సైనిక్ స్కూలులో చదివిన ఆయనకు 2021లో మహావీర చక్ర ప్రకటించారు. తెలంగాణ ప్రభుత్వం ఆయన సతీమణికి 4 కోట్లు, తల్లిదండ్రులకు ఒక కోటి రూపాయలు, బంజారాహిల్స్‌లో 711 చదరపు గజాల ఇంటిస్థలం, సతీమణికి గ్రూప్-1 స్థాయి ఉద్యోగం మంజూరు చేసింది. అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ ప్రాంతాలలోని శిక్షణ కేంద్రాలలో, గ్రంథాలయాలలో ఏళ్ల తరబడి చదువుతున్న అభ్యర్థులకు ఆ ఉద్యోగం విలువ తెలుసు. డిప్యూటీ కలెక్టర్ హోదా ఆ కుటుంబానికి నెలసరి ఆదాయంతో పాటు సమాజంలో ఒక స్థానాన్ని కూడా ఇచ్చింది.

సహాయంలో తల్లిదండ్రుల వాటాను విడిగా నిర్ణయించడం ఈ ఉత్తర్వులలో గమనించదగిన అంశం. సాధారణంగా పింఛను భార్యకే చెందుతుంది. కొడుకు సంపాదనపై ఆధారపడిన తల్లిదండ్రులు ఉన్నప్పుడు వారి విషయాన్ని కూడా మొదటి రోజునే ఆలోచిస్తే తరువాత కుటుంబంలో ఇబ్బందులు తలెత్తవు. మేజర్ ఆచార్య రాసిన లేఖలోనూ తల్లి, తండ్రి, భార్య, పుట్టబోయే బిడ్డ నలుగురూ ఉన్నారు. అమరుని కుటుంబమంటే ఆ నలుగురూ అన్నది అధికార యంత్రాంగం మరువరాని విషయం.

సంక్షిప్త వివరాలు

పేరు: మేజర్ పద్మపాణి ఆచార్య
జననం: 21-6-1968, హైదరాబాద్
తల్లిదండ్రులు: విమల, వింగ్ కమాండర్ జగన్నాథ్ ఆచార్య
భార్య: చారులత
కుమార్తె: అపరాజిత
యూనిట్: 2 రాజపుతానా రైఫిల్స్
వీరమరణం: 28-6-1999, లోన్ హిల్, ద్రాస్ సెక్టార్
పురస్కారం: మహావీర చక్ర (మరణానంతరం)
స్మరణ దినం: కార్గిల్ విజయ దివస్, ఏటా జూలై 26