కోడిపిల్ల ఉన్నట్టుండి డీలా పడిందా? ఇంట్లో ఏం చేయాలి, 1962కు ఎప్పుడు ఫోన్ చేయాలి?

నిన్నటి దాకా గింజల కోసం కాళ్లకు అడ్డం పడిన కోడిపిల్ల, ఇవాళ ఓ మూల ఈకలు ఉబ్బించుకుని కునుకుతోందంటే జబ్బు అప్పటికే ముదిరిందని అర్థం. పక్షులు నీరసాన్ని వీలైనంత వరకు బయటపడనివ్వవు. మీకు కనిపించేసరికి సగం సమయం అయిపోయి ఉంటుంది. అందుకే ‘రేపు చూద్దాంలే’ అనుకోకండి. నెల రోజుల పిల్ల ఒక్క రాత్రిలోనే చనిపోవచ్చు, మిగతావాటికీ అంటించొచ్చు.

మొదటి గంటలో చేయాల్సింది

ముందు ఆ పిల్లను మంద నుంచి వేరు చేయండి. గాలి ఆడేలా చిల్లులు పెట్టిన అట్టపెట్టె చాలు. అడుగున వరి పొట్టు గానీ పాత గుడ్డ గానీ వేయండి. వట్టి న్యూస్‌పేపర్ వేస్తే కాళ్లు జారి పిల్ల ఇంకా నీరసిస్తుంది.

తర్వాత వేడి. మొదటి వారం పిల్లకు 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ పోవచ్చు. జబ్బు పిల్లకు మాత్రం దాని వయసుకు చెప్పిన దానికన్నా కాస్త ఎక్కువే ఉండాలి. చాలామంది ఇంట్లో ఉన్న ఎల్‌ఈడీ బల్బు వేలాడదీసి ‘వేడి పెట్టాం’ అనుకుంటారు. దాన్నుంచి వచ్చేది వెలుగే, వేడి కాదు. 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు కావాలి. అది దొరక్కపోతే సీసాలో వేడినీళ్లు పోసి, తువ్వాలు చుట్టి పక్కన పెట్టండి. పెట్టెలో ఒక వైపే వేడి ఉండాలి. పిల్ల బల్బు కిందకు చేరి వణుకుతుంటే వేడి చాలడం లేదు, దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే ఎక్కువైంది.

నీళ్లు గోరువెచ్చగా పెట్టి, ముక్కు కొనను ఒకసారి తడపండి. పశువుల మందుల షాపుల్లో దొరికే ఎలక్ట్రోలైట్ పొడి కలిపితే మంచిది. సిరంజితో నోట్లో పోయొద్దు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయి, జబ్బుతో కాకుండా మన సేవతోనే చనిపోతుంది.

ఇంకో సంగతి. రోజూ ముందు ఆరోగ్యంగా ఉన్న కోళ్లకు మేత వేసి, ఆ తర్వాతే జబ్బు పిల్ల దగ్గరికి వెళ్లండి. వచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇంట్లో చిన్నపిల్లలను ఆ పెట్టె దగ్గరికి రానివ్వకండి.

రెట్ట చూస్తే సగం తెలుస్తుంది

పెట్టెలో తెల్ల కాగితం పరిచి గంటసేపు చూడండి. జిగటగా, చాక్లెట్ రంగులో రెట్ట పడితే కొత్తగా పెంచేవాళ్లు కంగారుపడతారు. రోజులో అప్పుడప్పుడు అలా పడటం మామూలే.

ఎర్రగా రక్తం కనిపిస్తే మాత్రం కాక్సీడియోసిస్ అని అనుమానించాలి. మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లల్లో ఎక్కువగా వచ్చే పేగుల జబ్బు ఇది. తడిసిన పొట్టులో ఈ పరాన్నజీవి పెరుగుతుంది కాబట్టి వానాకాలంలో బెడద ఎక్కువ. త్వరగా గుర్తిస్తే నయమవుతుంది. నీళ్లలో కలిపే ఆంప్రోలియం మందునే డాక్టర్లు సాధారణంగా రాస్తారు. మోతాదు వాళ్లనే అడగండి. ఇక్కడ చాలామందికి తెలియని చిక్కు ఒకటుంది. ఆంప్రోలియం బీ1 విటమిన్‌ను అడ్డుకుని ఆ పరాన్నజీవిని దెబ్బతీస్తుంది. బలం కోసమని అదే సమయంలో బీ కాంప్లెక్స్ ఇస్తే మందు పనిచేయదు. విటమిన్లు కోర్సు అయ్యాక ఇవ్వండి. మిగతా మంద కింద ఉన్న పొట్టు కూడా అదే రోజు మార్చేయండి.

రోజుల పిల్లకు వెనక భాగంలో తెల్లగా రెట్ట అంటుకుని దారి మూసుకుపోతే, గోరువెచ్చని నీళ్లలో ముంచిన దూదితో నానబెట్టి తుడవండి. లాగితే చర్మం ఊడొస్తుంది.

ఆకుపచ్చని నీళ్ల రెట్ట, నోరు తెరిచి ఊపిరి తీయడం, రెక్క వాలిపోవడం, మెడ మెలితిరగడం కనిపిస్తే కొక్కెర తెగులు కావచ్చు. డాక్టర్లు రాణీఖేత్ అంటారు. ఇది వైరస్ జబ్బు, మందు లేదు. టీకా ఒక్కటే దారి. మొదటి వారంలో లసోటా టీకాను కంట్లో గానీ ముక్కులో గానీ చుక్కగా వేస్తారు, నాలుగో వారంలో మళ్లీ వేస్తారు. ఎనిమిదో వారంలో ఆర్2బీ ఇంజెక్షన్ ఇస్తారు. బండి మీద రంగులద్ది అమ్మే పిల్లలను కొన్నవాళ్లు, వాటికి ఏ టీకా పడలేదనే లెక్కలో ఉండటం మంచిది.

మన మాత్రలు వేయొచ్చా?

వద్దు. మనం వాడగా మిగిలిన యాంటీబయాటిక్‌ను సగం విరిచి నీళ్లలో కలపడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటే. వైరస్ జబ్బుకు అది ఎందుకూ పనికిరాదు. పెద్ద కోళ్లు కూడా ఆ నీళ్లే తాగితే మందు అవశేషాలు గుడ్ల ద్వారా మీ కంచంలోకే వస్తాయి.

ఎవరిని అడగాలి?

ఏపీ, తెలంగాణ రెండింటిలోనూ 1962 టోల్‌ఫ్రీ నంబరు పశువులకు 108 లాంటిది. అయితే ఒక్క కోడిపిల్ల కోసం వాహనం ఇంటి ముందుకు వస్తుందని ఆశ పెట్టుకోవద్దు. సలహా, దగ్గర్లోని ప్రభుత్వ పశువైద్యశాల వివరాలు అడగండి. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది. రాజేంద్రనగర్, గన్నవరం, తిరుపతిలలో పశువైద్య కళాశాలలున్నాయి. వెళ్లేటప్పుడు పిల్ల వయసు, ఎన్ని కోళ్లున్నాయి, ఏ టీకాలు పడ్డాయి అనేవి రాసుకుని, రెట్ట ఫొటో, పిల్ల నడక వీడియో ఫోన్లో తీసుకెళ్లండి. డాక్టరుకు మీ వర్ణన కన్నా అదే ఎక్కువ ఉపయోగం.

టీకాతో మరో ఇబ్బంది ఉంది. చిన్న సీసాలోనే వంద డోసులుంటాయి, కలిపాక గంటా రెండు గంటల్లో వాడేయాలి. ఆరు కోళ్ల కోసం సీసా తెరవమంటే సిబ్బంది వెనకాడతారు, అందులో వాళ్ల తప్పు లేదు. కోళ్లున్న ఇరుగుపొరుగు కలిసి ఒకే రోజు వెళ్తే పని సులువు.

ఒకటి కాదు, వరసగా చనిపోతుంటే?

రెండు మూడు రోజుల్లో చాలా కోళ్లు చనిపోయినా, తల వాచి తురాయి నీలంగా మారినా అది ఇంటి వైద్యం పని కాదు. బర్డ్ ఫ్లూ కావచ్చు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల ఫారాల్లో ఈ జబ్బు నిర్ధారణ అయింది. అదే ఏడాది మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల చిన్నారి హెచ్5ఎన్1 సోకి మరణించింది. ముట్టుకోకుండా వెంటనే పశువైద్యశాలకు చెప్పండి. 2009 నాటి పశువుల అంటువ్యాధుల చట్టం ప్రకారం ఇలా తెలియజేయడం యజమాని బాధ్యత. చెబితే కోళ్లన్నీ చంపేస్తారన్న భయంతో దాచేవాళ్లున్నారు. పరిహారం ఇచ్చేది ప్రభుత్వం చంపించిన కోళ్లకే, అప్పటికే చచ్చిపోయిన వాటికి కాదు. దాచినకొద్దీ నష్టం మీదే.

జబ్బుతో ఉన్నదాన్ని కోసుకుని తినొద్దు. చనిపోయిన పిల్లను చెత్తబండిలోనో కాలువలోనో వేయొద్దు. కారణం తెలుసుకోవాలంటే రెండు కవర్లలో చుట్టి, ఐస్ మీద పెట్టి అదే రోజు పశువైద్యశాలకు తీసుకెళ్లండి. ఫ్రీజర్‌లో గడ్డకట్టిస్తే పరీక్షకు పనికిరాదు. అక్కర్లేదనుకుంటే లోతుగా గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చండి.

పిల్ల కోలుకుంటే, మందు ఆపాక కూడా వారం పాటు విడిగానే ఉంచండి. ఆ తర్వాత చీకటి పడ్డాక, మిగతావి గూటికి చేరిన వేళ లోపలికి వదిలితే పొడుచుకోవడం తక్కువగా ఉంటుంది.