కదిరి తేరు దారిలో కొత్తవాళ్ళు

పెనుకొండ, హిందూపురం, ధర్మవరం, పుట్టపర్తి ఉన్న ఈ సీమ చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా కోటతో మొదలుపెట్టి శాసనంతో ముగిస్తారు. కోట ఎవరు కట్టించారు, గుడికి మాన్యం ఎవరు రాసిచ్చారు, ఎవరి సైన్యం ఎప్పుడు ముట్టడించింది అన్నవాటి చుట్టూనే కథంతా తిరుగుతుంది. బతకడానికి వచ్చి ఇక్కడ చేరిన మామూలు జనం అందులో కనిపించరు. ఈ నేల మాత్రం ఆరు వందల యాభై ఏళ్ళుగా బయటివాళ్ళను తనలో కలుపుకుంటూనే ఉంది. 14వ శతాబ్దంలో విజయనగర అధికారులు వచ్చారు. 1565 తర్వాత ఒక రాజధానే కదిలి వచ్చింది. ధర్మవరం మగ్గాలను నమ్ముకుని నేతగాళ్ళు, పుట్టపర్తిలో సత్యసాయిబాబా ప్రశాంతి నిలయాన్ని వెతుక్కుంటూ భక్తులు, ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీలో పనికోసం కొరియావాళ్ళు వచ్చారు. వీళ్ళలో ఇక్కడివాళ్ళయిపోయినవాళ్ళు ఎలా అయ్యారు? ఇల్లు కట్టుకోవడమో, నాలుగెకరాలు కొనుక్కోవడమో అందుకు సరిపోలేదు. ఫాల్గుణ చైత్రాల్లో ఊరు ఊరంతా తిరునాళ్ళకు కదిలినప్పుడు ఆ గుంపులో తామూ నడిచినవాళ్ళే ఈ సీమవాళ్ళయ్యారని నా వాదన. వసంతకాలపు ప్రయాణం ఇక్కడ పనులు పక్కన పెట్టి చేసే విలాసం కాదు. ఏడాది బతుకుకు కావలసిన పనులెన్నో ఆ ప్రయాణంలోనే తెమిలేవి.

ఇంత ఎండిన సీమలో వసంతమెక్కడిదని ఎవరైనా అడగవచ్చు. అడగడంలో తప్పు లేదు. ఇక్కడ ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే. శివరాత్రి దాటగానే ఎండ ముదురుతుంది. కావ్యాల్లోని మల్లెపొదలు, మామిడితోపులు ఇక్కడ చెరువు కిందనో, బావి కిందనో తప్ప కనిపించవు. కానుగ చిగురు, వేపపూత, ఇంటి ముందు చింతచెట్టు నీడ, ఇదే ఇక్కడి వసంతం. అయితే ఈ సీమలో వసంతాన్ని పూలతో కాక తీరికతో కొలవాలి. వానకారు పంట ఎప్పుడో ఇల్లు చేరి ఉంటుంది. ఫాల్గుణం నాటికి మెట్టపొలాలన్నీ బోసిగా ఉంటాయి. తొలకరి దాకా ఎద్దులకు బరువు పని ఉండదు, బండి ఖాళీ. చింతకాయ దులిపి, పెంకు కొట్టి, గింజ తీసి, కొత్త చింతపండును హిందూపురం మార్కెట్టుకు తోలేది ఈ రోజుల్లోనే కాబట్టి చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. వాగులూ వంకలూ ఎండిపోయి బండి దాటడానికి దారి ఇస్తాయి. పని లేకపోవడం, డబ్బు ఉండడం, దారి తెరుచుకోవడం అన్న మూడూ ఒక్కసారి కుదిరేది ఏడాదిలో ఇప్పుడే. కాబట్టి కొత్తగా వచ్చి చేరినవాడు పదిమందినీ తీరిగ్గా కలుసుకోగలిగేదీ ఇప్పుడే.

ఇక వలసల విషయానికి వద్దాం. పెనుకొండ 1565లో హఠాత్తుగా పుట్టిన రాజధాని కాదు. 1354 నాటికే బుక్కరాయల కొడుకు విరుపణ్ణ ఇక్కడి పాలకుడని కోట శాసనం చెబుతోంది. 1388లో పెన్నానది నీళ్ళను కాలువ తవ్వి సిరువేర చెరువుకు మళ్ళించారు. ఇక్కడి పాలకుడు తన నీటిపారుదల నిపుణుడు సింగయభట్టుకు ఆ పని అప్పగించి, పెనుకొండ ప్రజలకు నీళ్ళు చాలాలని కోరినట్టు గౌరీబిదనూరు దగ్గరి కల్లూడి శాసనంలో ఉంది. వచ్చినవాళ్ళు నిలవాలంటే ముందు నీళ్ళు కావాలని పాలకులకు తెలుసన్నమాట. 1565 జనవరిలో రక్కసి తంగడి యుద్ధంలో విజయనగరం ఓడిపోయాక తిరుమలరాయలు రాజు సదాశివరాయలను, ఖజానాను తీసుకుని దక్షిణానికి వచ్చాడు. 1567లో విజయనగరం చూసిన వెనిస్ వర్తకుడు సీజర్ ఫెడ్రిసీ, ఇళ్ళు నిలిచే ఉన్నాయని, మనుషులే లేరని, రాజు ఎనిమిది రోజుల ప్రయాణ దూరంలోని పెనుకొండకు వెళ్ళిపోయాడని రాశాడు. దొంగల భయంతో దారులు సాగక ఏడు నెలలు ఆ నగరంలోనే చిక్కుబడిపోయానని కూడా రాశాడు. రాజు వెంట ఎవరెవరు వచ్చారో ఫెడ్రిసీ లెక్క రాయలేదు. కానీ రాజధాని కదిలితే ఖజానా ఒక్కటే కదలదు. వంటవాళ్ళు, గుర్రాలవాళ్ళు, కంసాలులు, పూజారులు, నర్తకులు, కరణాలు కూడా కదలాలి. ఆ ఇళ్ళన్నీ ఊరికే ఖాళీ కాలేదు.

వాళ్ళు వెంట తెచ్చుకున్నవాటిలో వసంతం మీది ప్రేమ ఒకటి. తెలుగు రాజాస్థానాల్లో అది పాత అలవాటే. కొండవీటి కుమారగిరి రెడ్డి ఏటా జరిపిన వసంతోత్సవాల వల్ల కర్పూర వసంతరాయలన్న పేరు తెచ్చుకున్నాడు. శ్రీకృష్ణదేవరాయల సంస్కృత నాటకం జాంబవతీ పరిణయం విరూపాక్షుని చైత్రోత్సవానికి చేరిన జనం ముందు ఆడడానికి రాసినది. పెనుకొండ నుంచి ఏలిన తిరుమలరాయలకు రామరాజభూషణుడు అంకితమిచ్చిన వసుచరిత్రలో వసంతవర్ణన ఎంత పేరుపొందిందో తెలుగు చదువుకున్నవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ వర్ణన కావ్యమర్యాద కోసం రాసినదే తప్ప పెనుకొండ తోటలను చూసి రాసింది కాదని అంటే ఒప్పుకుంటాను. ప్రబంధానికి వసంతవర్ణన తప్పనిసరి, దాన్నిబట్టి పెనుకొండలో ఏ చెట్లు పూసేవో చెప్పలేం. కానీ యుద్ధం ఓడి, రాజధాని వదులుకుని, కొండకోటలో తలదాచుకున్న ఆస్థానం కూడా వసంతం లేని కొలువును ఊహించుకోలేకపోయిందని మాత్రం చెప్పగలం. కొత్తచోట నిలదొక్కుకుంటున్న మనిషి మొదట నిలబెట్టుకోవాలనుకునేది పాత ఊళ్ళోని పండుగనే. అయితే ఆ పండుగ నడిచిన విరూపాక్షుని సన్నిధి, హంపీ రథవీధి ఎనిమిది రోజుల దారిలో వెనకే ఉండిపోయాయి. రాజు కొలువులో వసంతం కవిత్వంలో బతికింది. మిగిలిన జనం మాత్రం వసంతాన్ని ఈ సీమలో ముందే ఉన్న చోట్లలోనే వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆ చోట్లలో పెద్దది కదిరి. అన్నమాచార్యులు కదిరి నృసింహుడి మీద కీర్తన చెప్పాడు కాబట్టి, పెనుకొండ రాజధాని కావడానికి ముందే ఆ దేవుడి పేరు దూరదేశాలకు వెళ్ళిందనడానికి వేరే సాక్ష్యం అక్కర్లేదు. అక్కడి ఉత్సవమూర్తిని వసంతవల్లభుడంటారు. ఆ విగ్రహాలు వసంతకాలంలో దొరికాయని స్థలపురాణం. ఫాల్గుణ పున్నమిని ఈ వైపు కదిరి పున్నమి అనే పిలుస్తారు. పున్నమి దాటిన కొద్ది రోజులకు తేరు కదులుతుంది. మోకులు పట్టుకున్న జనం లాగుతుంటే, చక్రాల కింద చెక్కదిమ్మలు వేస్తూ తేరును మలుపు తిప్పుతారు. మిద్దెల మీది నుంచి, వీధుల్లో నుంచి భక్తులు దవనమూ మిరియాలూ తేరు మీదికి విసురుతారు. దవనం అంటే బూడిదరంగు కలిసిన పచ్చటి సన్నాకు, చేత్తో నలిపితే వాసన రోజంతా పోదు. మిరియం పండే నేల కాదిది, కొండసీమల నుంచి వర్తకులు తేవాలి. కింద రాలిన మిరియాలను ఏరి కొంగున కట్టుకుని, ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే మందుగా వేస్తారు. పొలంలో పెరిగిన ఆకు, సంతలో కొన్న గింజ, ఇంటి వైద్యం, దేవుడి సేవ, అన్నీ ఒకే గుప్పిట్లో ఉన్నాయి. రోజువారీ బతుక్కీ వసంతవిహారానికీ మధ్య గీత గీయడం ఎందుకు కుదరదో ఈ గుప్పెడు మిరియాలే చెబుతాయి.

పెనుకొండ నుంచి కదిరికి రెండు మూడు రోజుల బండిదారి. సద్దిమూటలు కట్టుకుని, పదీ పదిహేను బండ్లు కలిసి కదిలేవాళ్ళు. ఒంటరిగా వెళ్ళలేని దారిలో గుంపుగా వెళ్ళవచ్చు. ఫెడ్రిసీ లాంటి వర్తకుడే నెలల తరబడి ఆగిపోయిన కాలంలో కొత్తగా వచ్చిన కుటుంబానికి ఈ గుంపు ఎంత అవసరమో ఊహించవచ్చు. రాత్రి ఏ చెరువుగట్టు మీదనో మజిలీ చేసినప్పుడు ఎవరిది ఏ ఊరు, ఎవరికి ఎవరు బంధువులు, ఏ బావిలో నీళ్ళు తీపి, ఎవరింట పెళ్ళీడు పిల్ల ఉంది అన్న మాటలు నడుస్తాయి. తిరునాళ్ళలో గిత్తలు, గాజులు, ఇనుప పనిముట్లు, విత్తనాలు బేరమవుతాయి. కన్నడం మాట్లాడే మడకశిర వైపువాళ్ళు, తెలుగు మాట్లాడే కదిరి వైపువాళ్ళు ఒకే మోకు పట్టుకుంటారు. 1890లలో రైలుమార్గాలు పడి, ధర్మవరం నుంచి పాకాల వెళ్ళే దారిలో కదిరి స్టేషను వచ్చాక ఈ కలయిక ఇంకా విస్తరించింది. హిందూపురం పట్టుగూళ్ళకూ, ధర్మవరం మగ్గాలకూ పనికోసం వచ్చినవాళ్ళకు మగ్గం గుంతలో కూర్చున్న నెలలన్నీ ఒక ఎత్తు, ఊరివాళ్ళతో పాటు బయటికి కదిలిన ఆ నాలుగు రోజులూ ఒక ఎత్తు. ఒకే వీధిలో పనిచేస్తే పరిచయమవుతుంది, కలిసి ప్రయాణం చేస్తే చుట్టరికం మొదలవుతుంది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటి ఉంది. తిరునాళ్ళు అందరినీ కలపలేదు, కొందరిని బయటే నిలబెట్టాయి. ఈ మాట పూర్తిగా నిజం. ఈ సీమ మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, 1947 నాటి ఆలయప్రవేశ చట్టం వచ్చేదాకా దళితులకు గుడి గడప దాటే హక్కు లేదు. తరతరాలుగా ఇక్కడే పుట్టి పెరిగినవాళ్ళు గుడి బయట ఉండిపోయి, నిన్నగాక మొన్న వచ్చిన అగ్రవర్ణం వాడు లోపలికి వెళ్ళాడు. ఈ అన్యాయాన్ని పండుగ వైభవంతో కప్పిపుచ్చకూడదు. కానీ ఈ అన్యాయమే నా వాదనకు ఇంకో వైపు నుంచి బలమిస్తోంది. ఊరిలో ఎవరికి చోటుందో, ఎవరికి లేదో తేల్చిన చోట్లలో తిరునాళ్ళ ముఖ్యమైనది కాకపోతే, అందులోకి రావడం కోసం అంత పోరాటం జరిగి ఉండేది కాదు. గుడి పండుగలు ముస్లింలను కలపలేవనే వాదనకు పెనుకొండలోనే జవాబు ఉంది. అక్కడి బాబయ్య దర్గాకు రెండు మతాలవాళ్ళూ వస్తారు. ఆయన పర్షియా వైపు నుంచి తిరుచిరాపల్లి మీదుగా వచ్చినవాడని సంప్రదాయం చెబుతోంది. అంటే ఆయన కూడా వలస వచ్చినవాడే. ఉరుసు హిజ్రీ లెక్కన ఋతువులు మారుతుంది కాబట్టి దానికి వసంతంతో పని లేదు. కలిసి కదలడమన్న సూత్రం మాత్రం రెండుచోట్లా ఒకటే. వసంతం ఆ సూత్రానికి రైతు బతుకు ఇచ్చిన ముహూర్తం.

20వ శతాబ్దంలో పుట్టపర్తి ఈ కథను మళ్ళీ చూపించింది. 1940లలో మైసూరు, బెంగళూరు, మద్రాసుల నుంచి సత్యసాయిబాబా దగ్గరికి వచ్చినవాళ్ళు పెనుకొండ స్టేషన్లో దిగి, బుక్కపట్నం మీదుగా, ఆఖరికి ఎద్దులబండిలో చిత్రావతి ఏరు దాటేవాళ్ళు. 1950 నవంబరు 23న ప్రశాంతి నిలయం ప్రారంభమయ్యేదాకా అక్కడ వసతి చాలా తక్కువ. పట్నాల్లో పెరిగిన ఆ కుటుంబాలకు పల్లె జీవితం కష్టమే. సాయంత్రం చిత్రావతి ఇసుకలో కూర్చుని భజనలు పాడుకోవడం ఆ రోజుల్లో దినచర్యలో భాగమైంది. ఏరు పారుతున్నప్పుడు దాటడమే గండం, ఎండిన నెలల్లోనే ఆ ఇసుక పదిమందీ కూర్చునే మైదానమవుతుంది. వచ్చినవాళ్ళు దేవుణ్ణి వెతుక్కుంటూ వచ్చారు కానీ ఊరిని వెతుక్కుంటూ రాలేదని అనవచ్చు. మొదట అంతే. కాని అక్కడే స్థిరపడినవాళ్ళు కాలక్రమంలో ఉగాది పచ్చడి తిన్నారు, ఊరి ఎండలకు అలవాటుపడ్డారు, తెలుగు నేర్చుకున్నారు. భక్తి వాళ్ళను తీసుకొచ్చింది, కలిసి గడిపిన కాలం నిలబెట్టింది.

చివరి అభ్యంతరం ఆర్థికమైనది. కూలీ దొరికితే మనిషి ఉంటాడు, దొరక్కపోతే వెళ్ళిపోతాడు, పండుగలతో ఏమిటి పని? ఉండడానికి కూలీ చాలు, నిజమే. తనదనుకోవడానికి అది చాలదు. దీనికి సాక్ష్యం ఈ సీమ నుంచి బయటికి పోయినవాళ్ళే. కరువుకు బెంగళూరుకూ కేరళకూ కూలికి పోయిన కదిరి ప్రాంతం కుటుంబాలు పొలం బీడుపడ్డా, ఇల్లు తాళం పడ్డా, తేరు నాటికి ఊరు చేరాలని చూస్తాయి. జీతం బెంగళూరుది, ఊరు కదిరిది. మరోవైపు పెనుకొండ కోట వాకిళ్ళలో ఒకదానికి పేరిచ్చిన ఎర్రమంచిలోనే 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. దూరదేశం నుంచి ఇంజినీర్లు, పక్క జిల్లాల నుంచి కార్మికులు వచ్చి చేరారు. 2022 ఏప్రిల్ 4న పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడ్డాక ఉద్యోగులూ వచ్చారు. వీళ్ళకు క్వార్టర్లు, హోటళ్ళు, బస్సులు దొరికాయి. తేరు రోజున సెలవు, కదిరికి అదనపు రైలు, మోకు పట్టుకోవడానికి పక్కింటి పిలుపు దొరికాయా అన్నది ఈ జిల్లా అడగాల్సిన ప్రశ్న. 1388లో పాలకులు వచ్చినవాళ్ళకు నీళ్ళు చాలాలని కాలువ తవ్వించారు. ఇప్పుడు చేయాల్సినది అంతకంటే చిన్న పని. కులం, మతం, భాష అడగకుండా కొత్తవాడికి తిరునాళ్ళలో చోటు ఇవ్వాలి, అతనికి తీరిక దొరికేలా చూడాలి. ఆ చోటు ఇచ్చిన ప్రతి తరంలోనూ ఈ సీమ పెరిగింది, ఇవ్వని ప్రతి చోటా సొంత మనుషులనే పరాయివాళ్ళను చేసుకుంది.