దేనిని తోస్తున్నది?

‘తోయు’ సకర్మక క్రియ. ‘దేనిని?’ అంటే జవాబుండాలి. మా జల్‌పల్లి మేడమీదినుండి కనబడే శంషాబాదు విమానం గాలిని వెనుకకు తోస్తుంది. రాకెట్టు తన వాయువులనే తోస్తుంది.

2001 ప్రాంతంలో ఇంగ్లండు ఇంజనీరు రోజర్ షాయర్ ‘ఎమ్‌డ్రైవ్’ను ప్రతిపాదించాడు. మూసిన లోహపుగరాటు, లోపల మైక్రోవేవ్ తరంగాలు. బయటికేదీ రాకున్నా నౌక కదులుతుందట! 2016లో నాసా ఈగిల్‌వర్క్స్ బృందం కిలోవాటుకు 1.2 మిల్లీన్యూటన్ల తోపు కనబడిందని ప్రకటించింది. ఆ వార్త చదివి, న్యూటనుకు కాలం చెల్లిందని మనుమడికి చెప్పినవాణ్ణి నేనే. 2021లో జర్మనీలోని డ్రెస్‌డెన్‌లో మార్టిన్ తాజ్‌మార్ బృందం నిగ్గు తేల్చింది: అది వేడికి సాగిన అమరికవల్ల కలిగిన భ్రాంతి.

అట్లని ఇంధనంలేని గమనమంతా బూటకం కాదు. జపాను ‘ఇకారోస్’ 2010లో సూర్యకాంతి తాకిడితోనే వేగం మార్చుకుంది. 2017 జూన్ 23న మన శ్రీహరికోటనుండి లేచిన పి.ఎస్.ఎల్.వి.-సి38లో బ్రిటిషువారి చిట్టి ఉపగ్రహం ‘ఇన్‌ఫ్లేట్‌సెయిల్’ వెళ్లింది. అది పది చదరపు మీటర్ల తెరచాప విప్పి, అక్కడి పలుచని గాలి అడ్డగింపుతో 72 రోజులలో కక్ష్యనుండి దిగివచ్చింది. ముందుకు నడపడం కాదు, నిలువరించడమే. అయినా చుక్క ఇంధనం ఖర్చుకాలేదు.

కాంతి, గాలి: వీటికి కర్మ ఉన్నది. ఎమ్‌డ్రైవ్‌కు లేదు. ఇంధనం లేకపోవడం దోషం కాదు. ఆనిక లేకపోవడమే దోషం. మనుమడికి నా మాట దిద్ది చెప్పాను. పంతులు తప్పు దిద్దుకోవడమూ పాఠమే కదా!