ఇసుకపలక మొదలు టాబ్లెట్టు వఱకు

మన సంఘ వార్షికసభలలో విద్యానిధిని గూర్చి ప్రసంగము జరుగని సభ యుండదు. ఇటీవల నా ప్రసంగములలో నొక క్రొత్తమాట తఱచుగా వినబడుచున్నది. వసతిగృహములందలి బాలబాలికలకు టాబ్లెట్టులు కొని యీయవలెననియు, ఒక్కొక్క విద్యార్థి యే తీరున నేర్చువాడో ముందుగా పరీక్షించి, చూచి నేర్చువానికి బొమ్మలును, విని నేర్చువానికి పాటలును, చేసి నేర్చువానికి ఆటలును పంచిపెట్టవలెననియు దాతలు కొందఱు సెలవిచ్చుచున్నారు. వారి యాశయము శ్లాఘనీయము. అయినను ధనవ్యయమునకు ముందు ఈ విషయముయొక్క పూర్వచరిత్రను కొంత విచారించుట మేలు. ముప్పదియేండ్లకు పైగా పాఠశాలలో తెలుగుపండితుడనై పనిచేసినవాడ నగుటచే ఈ సాహసమునకు బూనుకొంటిని. చదువరులు మన్నింతురు గాక.

1623వ సంవత్సరమున ఇటలీదేశీయుడగు పియెత్రో దెల్లా వాల్లే యను యాత్రికుడు కన్నడసీమలోని యిక్కేరి ప్రాంతమున సంచరించుచు, ఒకనాడు దేవాలయ మండపమున నలుగురు బాలురు లెక్కలు నేర్చుకొనుట చూచెను. ఒకడు పాఠమును రాగముతో పాడుచు, నేలపై బఱచిన సన్నని యిసుకలో వ్రేలితో వ్రాయుచుండెను. తక్కినవారును అట్లే పాడుచు వ్రాయుచుండిరి. ఇసుక నిండినంతనే చెఱిపి మరల చల్లుకొనుచుండిరి. గురువెవ్వరని యాతడడుగగా, తమకు వేఱుగ గురువు లేడనియు, ఒకడు మఱచినదానిని తక్కినవారు నేర్పుదురనియు వారు చెప్పిరి. ఇందు గమనింపదగిన దేమన, కంఠము పాడుచున్నది, చెవి వినుచున్నది, వ్రేలు వ్రాయుచున్నది, కన్ను చూచుచున్నది. వీడు చెవివాడు, వాడు కంటివాడు అను విభాగ మచ్చట లేదు. ప్రతిబాలునకును నాలుగు ద్వారములును దెఱచియే యున్నవి.

ఇదే యిసుక చెన్నపట్టణమున మఱియొకని దృష్టి నాకర్షించెను. స్కాట్లండుదేశీయుడగు ఆండ్రూ బెల్ 1789వ సంవత్సరమున ఎగ్మూరునందలి అనాథబాలుర యాశ్రమమునకు పర్యవేక్షకుడయ్యెను. సమీపమునందలి వీథిబడిలో పిల్లలు ఇసుకలో నక్షరములు దిద్దుట జూచి, తన పాఠశాలలోను అట్లే నేర్పుడని ఉపాధ్యాయులతో జెప్పెను. వారికది రుచింపలేదు. అంతట నాతడు ఎనిమిదేండ్ల వయసుగల జాన్ ఫ్రిస్కెన్ అను విద్యార్థికే చిన్నపిల్లల తరగతి నప్పగించెను. పెద్దలు నెఱవేర్పని పనిని ఆ బాలుడు నెఱవేర్చెను. బెల్ స్వదేశమునకు మరలి, 1797వ సంవత్సరమున లండనులో ఈ వృత్తాంతమును బ్రకటింపగా, అది మద్రాసు పద్ధతి యను పేర ఇంగ్లండునందలి బీదపిల్లల పాఠశాలలలో వ్యాపించెను. మన వీథియరుగుమీది యిసుక సముద్రములు దాటినదనుట యతిశయోక్తి గాదు.

అట్లని వీథిబడి సర్వోత్తమమని నేను వాదింపబోను. సర్ తామస్ మన్రో 1822వ సంవత్సరమున ఆజ్ఞాపించిన విచారణకు బదులుగా బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823వ సంవత్సరమున బంపిన నివేదికను జూడుడు. తొమ్మిదిలక్షలకు మించిన జనసంఖ్యగల యా జిల్లాలో బడులు 533. అందు తెలుగుబడులు 226. విద్యార్థులు మొత్తము 6,641. బాలికలు కేవల మఱువదిమంది! పిల్లలు లెక్కలేనన్ని పద్యములు వల్లించుచున్నను వాని యర్థమును చిలుకలవలె నెఱుగకుండిరని యాతడు వ్రాసెను. చెవియు, చేయియు, కన్నును పనిచేసినను, అర్థము చెప్పువాడు లేకున్న చదువు చిలుకపలుకే యని దీనివలన దేలుచున్నది. మఱియు నా 6,641 మందికి వెలుపల నుండిపోయిన బిడ్డల నెంచి చూడుడు. పెక్కుకులముల వారికి ఆ యిసుకయైనను దక్కలేదు. సాధన మెంత చౌకయైనను, బడివాకిలి మూసియున్నచో అది నిష్ప్రయోజనమే.

సాధనము నిజముగా ప్రాణావసరమగు సందర్భములును గలవు. ఫ్రాన్సుదేశమున 1809వ సంవత్సరమున జన్మించిన లూయీ బ్రెయిలీ, తోలుపని చేయు తండ్రి కార్ఖానాలో మూడేండ్ల ప్రాయమున ఆరె కంటిలో గ్రుచ్చుకొనగా క్రమముగా రెండు కన్నులను గోల్పోయెను. పారిస్ నగరపు అంధపాఠశాలలో ఉబుకుటక్షరముల బరువైన పుస్తకము లుండెను గాని, వానిని తడవి చదువుట మిక్కిలి మందము. వ్రాయుటకు వీలు లేదు. సైనికోద్యోగియగు బార్బియే కల్పించిన పండ్రెండు చుక్కల లిపిని బ్రెయిలీ ఆఱుచుక్కలకు కుదించి, 1829వ సంవత్సరమున బ్రకటించెను. వ్రేలికొన క్రింద నొక యక్షర మిముడునట్లు చేయుటయే యాతని ప్రతిభ. భారతీయభాషల కన్నిటికి సామాన్యమగు భారతి బ్రెయిలీ 1951వ సంవత్సరమున నేర్పడెను. చూపులేని బిడ్డకు ఆ చుక్కలు వేడుకవస్తువు కాదు, విద్యయే.

ఇక నాకాశమునుండి దిగివచ్చిన పాఠములు. 1975 ఆగస్టు 1వ తేదీ మొదలు 1976 జూలై 31వ తేదీ వఱకు అమెరికావారి ఉపగ్రహసాయమున ఆఱు రాష్ట్రములలోని 2,400 గ్రామములకు టెలివిజను ప్రసారములు జరిగినవి. ఆంధ్రప్రదేశ మందొకటి. విక్రం సారాభాయి కనిన యా కల, ఆయన 1971వ సంవత్సరమున గతించిన పిమ్మట ఫలించెను. ఉదయమున బడిపిల్లలకు తెలుగుతో గూడ నాలుగుభాషలలో కార్యక్రమములు వచ్చుచుండెను. ఆ సంవత్సరముననే దాదాపు 50 వేలమంది ప్రాథమికోపాధ్యాయులకు విజ్ఞానశాస్త్రబోధనమున శిక్షణ మీయబడినది. ఆ శిక్షణము కేవలము పెట్టెముందు గూర్చుండబెట్టుట గాదు. టెలివిజనుకు తోడు రేడియో, అచ్చుపాఠము, చేతితో జేయు ప్రయోగము, సందేహము తీర్చు మనుష్యుడు — ఇవి యన్నియు గలిసియుండెను. ఇక్కేరి మండపమునందలి సూత్రమే యిచ్చటను గానవచ్చుచున్నది.

ఇట్లుండగా, విద్యార్థులను తెగలుగా విభజించు వాద మొకటి పాశ్చాత్యదేశములలో ప్రబలెను. చూచువాడు, వినువాడు, చదివి వ్రాయువాడు, చేయువాడు అను నాలుగు విభాగముల ప్రశ్నావళిని న్యూజిలండునందలి నీల్ ఫ్లెమింగ్ 1992వ సంవత్సరమున బ్రచారమునకు దెచ్చెను. కాని 2008వ సంవత్సరమున హెరాల్డ్ పాష్లర్ మొదలగు నలుగురు మనశ్శాస్త్రవేత్తలు అట్టి పరిశోధనలను పరిశీలించి, తెగనుబట్టి బోధించినచో చదువు మెఱుగగునని చెప్పుటకు తగిన ప్రమాణము లేదని తేల్చిరి. పిల్లలకు ఇష్టములు వేఱుగా నుండుట నిజమే. ఇష్టము వేఱు, శక్తి వేఱు.

ఈ భేదమును నేను గ్రంథముల వలన గాక నా తప్పిదమువలననే నేర్చుకొంటిని. 1990వ దశకమున ఏడవతరగతిలో నొక బాలుడుండెను. పుస్తకము దెఱచిన తడబడును; ఒకసారి విన్న పద్యమును మఱువడు. నేను సంతోషించి, పద్యములన్నియు టేపురికార్డరులో బాడి వాని కిచ్చితిని. నాలుగుదినములలో నన్నియు నప్పగించెను. “నీది చెవిచదువురా, నీవు వ్రాయనక్కఱలేదు” అంటిని. వాడు నమ్మెను. సంవత్సరాంతమున వ్రాతపరీక్షలో దప్పెను. వాని తండ్రి వచ్చి, “అయ్యవారూ, మావాడికి అన్నీ వచ్చునని మీరే చెప్పితిరి గదా, మఱి యెందుకు తప్పినాడు?” అని యడిగెను. నాయొద్ద బదులు లేదు. యంత్ర మొక ద్వారమును దెఱచినది. తక్కిన ద్వారములను నేనే మూసితిని. ఆ వేసవి పళ్ళెములో నిసుక పోసి, టేపు వినిపించుచు, పాదము వెంట పాదము వ్రేలితో వ్రాయించితిని. పిమ్మట పలకమీద, ఆపైన కాగితముమీద. మరుసటియేట నాతడుత్తీర్ణుడయ్యెను. పోయిన సంవత్సరము మాత్రము తిరిగి రాలేదు.

2020వ సంవత్సరమున మహమ్మారివలన బడులు మూతపడగా, తెలంగాణమున సెప్టెంబరు 1వ తేదీనుండి దూరదర్శన్ యాదగిరి, టీశాట్ ప్రసారములద్వారా పాఠములు చెప్పబడినవి. ఆ ప్రసారములు మేలుచేసినవి. కాని ప్రక్కన గూర్చుండి “తెలిసినదా?” యని యడుగువాడు లేని యింట, పాఠము పిల్లవాని ముందు సాగిపోయినదే గాని వానిలో నిలువలేదు.

కావున సంఘపెద్దలకు నా విన్నపము లివి. టాబ్లెట్టులు కొనుడు, కాని నలుగురు పిల్లలకొకటి యైనను జాలును, వారు ఒకరికొకరు నేర్పుకొందురు. చూపు, వినికిడి లేని బిడ్డలకు వలయు సాధనములను మొదట కొనుడు. మిగిలిన ధనముతో ప్రతి వసతిగృహమునందును సాయంకాలము పిల్లలతో గూర్చుండి యర్థము చెప్పు ఉపాధ్యాయునొకని నియమింపుడు. వీడు ఫలానా తెగవాడని యే బిడ్డపేరు ప్రక్కనను వ్రాయకుడు. పుట్టుకనుబట్టి నీకింతే చదువను మాటను మన పూర్వులు చిరకాలము వినియుండిరి. ఆ మాటనే మరల క్రొత్తయంత్రముచేత మన బిడ్డలకు జెప్పింపకుందుము గాక.

శుభమ్.