యాకూజా సినిమాల్లో నెత్తురు

జపాన్‌లో నేరముఠాల కథలతో తీసే యాకూజా సినిమాలకు 1960లలో ఒక మూస ఏర్పడింది. దానికి పుట్టిల్లు తోయే స్టూడియో. కథలు ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కాలానివి. కథానాయకుడు అవమానాలన్నీ దిగమింగి, చివర్లో కత్తి పట్టుకుని ఒంటరిగానో, ఒక నేస్తాన్ని వెంటబెట్టుకునో శత్రువుల మీదికి వెళ్తాడు. కెన్ తకకురా, కోజి త్సురుతా ఈ పాత్రలకు పేరుమోసిన తారలు. ఈ సినిమాల్లో నెత్తురు పారేది ముఠా ధర్మం కోసమే. అందుకే చంపడంలోనూ ఒక పద్ధతి, ఒక మర్యాద కనిపిస్తాయి.

ఈ మర్యాదను మొదట వెక్కిరించినవారిలో నిక్కత్సు స్టూడియో దర్శకుడు సెయిజున్ సుజుకి ఒకరు. 1967లో ఆయన తీసిన ‘బ్రాండెడ్ టు కిల్’ అర్థం కాలేదంటూ స్టూడియో ఆయన్ని ఉద్యోగం నుంచి తీసేసింది. సుజుకి కోర్టుకెక్కారు. ఆ సినిమాకు గౌరవం దక్కింది చాలా ఏళ్ల తర్వాతే.

అసలు మలుపు 1973లో వచ్చింది. కింజి ఫుకసాకు ‘బ్యాటిల్స్ వితౌట్ ఆనర్ అండ్ హ్యుమానిటీ’ తీశారు. హిరోషిమా ప్రాంతంలో యుద్ధానంతరం జరిగిన నిజమైన ముఠా తగాదాలే దానికి ఆధారం. కురె నగరానికి చెందిన ఒక ముఠా నాయకుడు జైల్లో రాసుకున్న జ్ఞాపకాల మీద ఒక పాత్రికేయుడు వారపత్రికలో వ్యాసాలు రాశాడు. వాటి నుంచి కజువో కసహరా స్క్రిప్టు అల్లారు. సినిమా అణుబాంబు పొగతో మొదలై, వెంటనే నల్లబజారులోకి దిగుతుంది. కెమెరా చేతిలో ఊగిపోతుంది. మనిషి చావగానే బొమ్మ ఆగి, పేరూ చనిపోయిన తేదీ తెర మీద పడతాయి. హత్యలు చేసేవాళ్లు వణుకుతారు, గురి తప్పుతారు, చచ్చేవాళ్లు పెడబొబ్బలు పెడతారు. క్షమాపణగా చిటికెనవేలు కోసుకోవడం యాకూజాల ఆచారం. ఇక్కడ తెగిన వేలు ఎగిరి పెరట్లో పడితే అందరూ దాన్ని వెతుక్కుంటారు. పాత సినిమాల గంభీరతంతా ఈ ఒక్క దృశ్యంతో కూలిపోయిందంటే అతిశయోక్తి కాదు. యుద్ధకాలంలో పదిహేనేళ్ల వయసులో ఆయుధాల కర్మాగారంలో పనిచేసిన ఫుకసాకు, దాడిలో చనిపోయిన తోటివాళ్ల శవాలను ఎత్తారు. ఆయన సినిమాల హింసలో అందం లేకపోవడానికి అది చాలు. 1974కల్లా ఈ వరుసలో అయిదు సినిమాలు వచ్చాయి.

తర్వాతి తరంలో తకేషి కితనో దారి వేరు. ‘సొనాటిన్’ (1993)లో ముఠా మనుషులు సముద్రపు ఒడ్డున పిల్లల్లా ఆడుకుంటుంటారు. తుపాకీ మోత ఉన్నట్టుండి వచ్చి, అంతే త్వరగా ఆగిపోతుంది. ఇంకోపక్క థియేటర్లకు రాకుండా నేరుగా వీడియోగా విడుదలయ్యే చవక సినిమాలను తోయే 1989లో మొదలుపెట్టింది. ఆ రంగంలో చెయ్యి తిరిగిన తకాషి మీకే 2001లో ‘ఇచి ది కిల్లర్’తో హద్దులన్నీ దాటారు. టొరంటో చిత్రోత్సవంలో ప్రేక్షకులకు వాంతి సంచులు పంచారు. అది ప్రచారపు ఎత్తుగడే. బ్రిటన్ సెన్సారు మాత్రం మూడు నిమిషాలకు పైగా కత్తిరించింది. ఫుకసాకు చూపిన చావు నొప్పి పుట్టిస్తుంది; మీకే చూపిన చావు జుగుప్సతో పాటు నవ్వూ తెప్పిస్తుంది.

తెర బయట హింస కూడా నిజమే. ముఠాల బెదిరింపులను గేలిచేస్తూ ‘మిన్బో’ తీసిన జూజో ఇతామి మీద 1992 మేలో యాకూజాలు కత్తులతో దాడి చేశారు. ముఠాల కట్టడి చట్టం అమల్లోకి వచ్చిందీ అదే ఏడాది. 2011కల్లా దేశమంతటా వాళ్లతో వ్యాపార లావాదేవీలను అడ్డుకునే స్థానిక నిబంధనలు వచ్చాయి. ముఠాల్లో మనుషులు తగ్గిపోయారు. తెర మీద మాత్రం 2018లో తోయే ‘ది బ్లడ్ ఆఫ్ వుల్వ్స్’తో మళ్లీ హిరోషిమాకు వెళ్లింది. అందులో కథానాయకుడు పోలీసు.