కంబాలకొండ దుప్పుల వేసవి కరవు: వన్యమృగాల పోషణస్థితి అంచనా – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

ఉత్తర అమెరికా మంచునేలల్లో మందలుగా సంచరించే దుప్పిజాతి జంతువు కారిబూ. మిక్మా ప్రజల భాషలోని ఒక మాట నుండి ఈ పేరు పుట్టింది. మంచును గిట్టలతో తవ్వేది అని దాని అర్థం. శీతకాలమంతా ఈ జంతువు మంచును తవ్వి అడుగునున్న లైకెన్‌ను మేస్తుంది. లైకెన్‌లో పిండిపదార్థం ఎక్కువ, మాంసకృత్తులు బహు తక్కువ. అందువల్ల కడుపు నిండినా కండ కరిగిపోతుంది. కడుపాకలి వేరు, ఒంటి ఆకలి వేరు అన్న ఈ భేదమే వన్యమృగాల పోషణస్థితిని అంచనా వేసే శాస్త్రానికి మూలం.

విశాఖపట్నంలో మధురవాడను ఆనుకొని ఉన్న కంబాలకొండ అడవిలో మంచు లేదు. అక్కడి చుక్కల దుప్పికీ కణుజుకూ కరవుకాలం వేసవి. శీతకాలం కారిబూకు పెట్టే పరీక్షనే ఎండాకాలం ఈ దుప్పులకు పెడుతుంది. ఈ అడవి చరిత్రలో హద్దులు, వైశాల్యాలు, ఉత్తర్వులు, జంతువుల సంఖ్యలు తరచుగా ప్రస్తావనకు వస్తాయి. జంతువు ఒంటి స్థితి మాత్రం అరుదుగా చర్చకు వస్తుంది. సంఖ్య ఎంత ఉన్నా, అది బతుకుతున్న తీరును చెప్పదు.

అడవి, జమీ, నగరం

కంబాలకొండ ఒకప్పుడు విజయనగర సంస్థానాధీశుల అధీనంలో ఉండేది. 1970 నుండి అటవీశాఖ నిర్వహణలోకి వచ్చింది. 2002 మార్చి 10న వన్యప్రాణి అభయారణ్యమయింది. దీని వైశాల్యం సుమారు 71 చదరపు కిలోమీటర్లు. జాతీయ రహదారికి ఆవల, సముద్రం వైపున ఇందిరాగాంధీ జంతు ప్రదర్శనశాల ఉంది. 625 ఎకరాల ఆ ప్రాంగణాన్ని 1977 మే 19న ప్రజల సందర్శనకు తెరిచారు. రహదారికి ఒక పక్క వేళకు మేత అందుకొనే దుప్పులు, మరొక పక్క మేతను తామే వెతుక్కోవలసిన దుప్పులు. పోషణ విషయంలో ఇవి రెండు వేర్వేరు లోకాలు.

నైరుతి రుతుపవనాలు వెళ్లి, అక్టోబరు, నవంబరు నెలల వానలు కూడా ముగిశాక గడ్డి ముదిరి పీచుబారుతుంది. ఫిబ్రవరి నుండి జూన్ తొలివాన వరకు దుప్పి మేత మారుతుంది. గడ్డిని వదిలి ఆకులు, రాలిన పువ్వులు, కాయలు తింటుంది. కొండముచ్చులు కొమ్మల మీద నుండి జారవిడిచే చిగుళ్ల కోసం చెట్ల కింద చేరుతుంది. పూర్వం ఇటువంటి వేళ మృగాలు పల్లానికి, చెరువుల వైపుకు దిగే వీలుండేది. నేడు కొండ చుట్టూ ఇళ్లు, రహదారి వచ్చాయి. దిగేందుకు పల్లం మిగలలేదు. దీనికితోడు 2014 అక్టోబరు 12న తీరం దాటిన హుద్‌హుద్ తుపాను ఈ ప్రాంతపు చెట్లను పెద్ద ఎత్తున కూల్చింది. చెట్టు కూలితే నేలకు వెలుగు తగిలి గడ్డి పెరగవచ్చు, కానీ వేసవి మేతకు ఆధారమైన ఆకు, నీడ తగ్గుతాయి.

కొమ్ము కొలిచిన కాలం

వలస పాలనలో వేట ఒక హోదా. లండన్‌లోని రోలాండ్ వార్డ్ సంస్థ 1892 నుండి వెలువరించిన వేట జాబితాలలో దుప్పి విలువ కొమ్ము పొడవుతో అంగుళాల్లో నిర్ణయమయింది. దుప్పి డొక్కలు ఎండి ఉన్నాయా, వీపు ఎముక తేలిందా అన్నది ఆ జాబితాల దృష్టిలో లేదు. విచిత్రమేమంటే, అదే కాలంలో సంతలో ఎద్దును కొనే సామాన్య రైతు మొదట చూసేది కొమ్ము కాదు. వీపు మీద చేయి వేసి, పక్కటెముకలు తడిమి, తుంటి ఎముకల నడుమ గుంట చూసి బేరానికి దిగుతాడు.

శాస్త్రం ఈ రైతు చూపుకు చేరుకోవడానికి ఇరవయ్యో శతాబ్ది మధ్యభాగం పట్టింది. మొదటి పద్ధతులు చచ్చిన జంతువు మీద ఆధారపడ్డాయి. 1949లో చీటమ్ అనే పరిశోధకుడు ఎముక మూలుగను పోషణలోపానికి గుర్తుగా ప్రతిపాదించాడు. బలమున్న జంతువు మూలుగ తెల్లగా, గట్టిగా ఉంటుంది. కరవుకు చిక్కినదాని మూలుగ ఎర్రని జిగురులా మారుతుంది. 1955లో థేన్ రైనీ న్యూజిలాండ్ ఎర్ర దుప్పుల మీద పనిచేసి, మూత్రపిండం చుట్టూ ఉన్న కొవ్వు బరువును మూత్రపిండం బరువుతో పోల్చే సూచిని ఇచ్చాడు. ఒంటిలో కొవ్వు కరిగే వరుసలో మూలుగ చివరిది. కాబట్టి మూలుగ ఎర్రబడిందంటే ఆ మృగం మృత్యువు అంచుకు చేరినట్టే. ముందుగా హెచ్చరించేది మూత్రపిండపు కొవ్వు. 1960లో రైనీయే మరో అడుగు వేసి, జీవించి ఉన్న మృగాన్ని దూరం నుండి చూసి తుంటి, వీపు ఆకారాన్ని బట్టి స్థితిని గుర్తించే పద్ధతిని వివరించాడు. సంతలో రైతు చేతితో చేసేది అది కంటితో చేస్తుంది.

భారతదేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1991 సవరణ వేటకు తెరదించాయి. జంతువును చంపి పరీక్షించే మార్గం మూసుకుపోయింది. ఆ మూత మంచిదే. శాస్త్రం మృగం విడిచిపెట్టిన ఆనవాళ్ల వైపు మళ్లక తప్పలేదు.

ఆనవాళ్ల చదువు

కారిబూ శాస్త్రజ్ఞులకు మంచు ఒక వరం. మంచు మీద గడ్డకట్టిన మూత్రాన్ని సేకరించి, అందులో యూరియాను క్రియాటినిన్‌తో పోల్చి చూస్తారు. నిల్వ కొవ్వు తరిగి, జంతువు తన కండనే ఇంధనంగా వాడుకుంటున్నప్పుడు యూరియా నిష్పత్తి పెరుగుతుంది. కంబాలకొండలో ఎర్రమట్టి ఆ సాక్ష్యాన్ని క్షణాల్లో పీల్చేస్తుంది. ఇక్కడ మిగిలేది పెంటికలే. ఎండాకాలంలో వాన వాటిని కరిగించదు గనుక సేకరణకు అదే అనువైన కాలం. హైదరాబాదులో సీసీఎంబీకి అనుబంధంగా ఉన్న లాకోన్స్ ప్రయోగశాల జంతువులను పట్టకుండానే వాటి విసర్జితాలలోని హార్మోన్లను పరిశీలించే పద్ధతులను ఉపయోగిస్తోంది. అంటే సాధనం తెలుగునేల మీదనే ఉంది.

అయితే పెంటిక చెప్పే మాటను తొందరపడి నమ్మరాదు. అందులో నత్రజని ఎక్కువగా ఉంటే మేత మంచిదని అనుకోవడం పరిపాటి. కానీ వగరు ఆకులు తిన్న దుప్పిలో టానిన్లు మాంసకృత్తులను పట్టి ఉంచి, అరగనివ్వకుండా బయటికి పంపుతాయి. అప్పుడు నత్రజని పెరిగినా దుప్పికి దక్కింది తక్కువే. తోలు ఊనడానికి తంగేడు బెరడును, కరక్కాయను వాడిన ప్రాంతంలో వగరు సంగతి కొత్తగా చెప్పవలసిన పని లేదు. దుప్పి ఏ ఆకు మేసిందో తెలియకుండా ఈ అంకెను చదవలేము.

కంటిచూపుకూ ఇటువంటి చిక్కే ఉంది. జార్జి షాలర్ కాన్హా అడవులలో చేసిన పరిశీలనలు 1967లో గ్రంథరూపం పొందాయి. మధ్యభారతంలో చుక్కల దుప్పుల జతకట్టే కాలం ప్రధానంగా వేసవిలోకి వస్తుంది. ఆ రోజుల్లో పోతు దుప్పి మేత మానుకొని పెంటుల వెంట తిరుగుతూ సహజంగానే చిక్కుతుంది. దాని డొక్కలు చూసి అడవిలో కరవు వచ్చిందనుకుంటే పొరపాటు. పాలిచ్చే పెంటి వీపు, ఏడాది నిండని పిల్ల తుంటి చెప్పే సాక్ష్యమే ఇక్కడ నమ్మదగింది.

వేసవిలో అటవీశాఖలు నీటి తొట్లు నింపడం ఆనవాయితీ. దాహం తీరుతుంది, సందేహం లేదు. కానీ తొట్టి చుట్టూ మందలు గుమికూడితే ఆ పరిసరాల మేత ముందుగా అయిపోతుంది. నీటికీ మేతకూ మధ్య దూరం పెరిగిన కొద్దీ మండే ఎండలో దుప్పి నడక పెరుగుతుంది. ఎన్ని తొట్లు నింపారన్న లెక్క పక్కన, మే నెలలో ఎన్ని పెంటి దుప్పుల వీపు ఎముకలు తేలాయన్న లెక్క కూడా ఉండాలి. ఆ రెండో లెక్కకు కావలసింది ఒక దూరదర్శిని, ఒక పుస్తకం, ఏటా అదే బాటలో అదే నెలలో నడిచే మనిషి.